చిన్న చేతి పిడికెడు

పోయిన వారం మా మనవరాలు ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. అందులో ఒక చిన్న పిల్ల. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. పలక మీద మా మనవరాలి పేరు రాసి పట్టుకుని నిలబడింది. ఎక్కడో ఊళ్లో ఉంటుందట. నెలనెలా డబ్బు కట్టి ఆ పిల్లను మావాళ్లే చదివిస్తున్నారట.

"ఆ పిల్లకు ఫొటో దిగుడు ఇష్టమున్నట్టు లేదే" అన్నాను.

"నీకన్నీ వంకలే నానమ్మా. నిన్ను కూడా చిన్నప్పుడు ఎవరో ఫారిన్ ఆవిడ చదివించిందంట గదా, నాన్న చెప్పిండు. ఆమె ఫొటో ఉన్నదా?"

ఉంది. పెట్టెలో చీరల అడుగున, ఇన్నేళ్లుగా. టోపీ పెట్టుకుని, పెదవులు బిగించి, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు చూసే సీమ దొరసాని. తీసి ఇస్తే మా మనవరాలు మురిసిపోయి దాన్ని కూడా ఫోన్లో ఫొటో తీసుకుంది. కానీ నిజంగా నన్ను చదివించినవాళ్ల ఫొటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. చెప్పాలంటే నాకు సిగ్గు. కాటికి కాళ్లు చాపుకున్న ఈ వయసులో కూడా అదే సిగ్గు.

మా ఇల్లు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దిగువన, ఊరికి చిట్టచివరి వాడలో ఉండేది. ఆ వాడ తలపుకొస్తే నాకు ముందు వాసనలే వస్తాయి. గోడల మీద ఆరేసిన చెరువు చేపలు, వాన పడితే ఉబ్బే నులక మంచాలు, పొయ్యి మీద ఉడికే జొన్న గటక. గటకలోకి పచ్చిపులుసు ఉంటే పండుగే. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిన్న రోజులే ఎక్కువ. వాడలో అందరం ఏసు దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లమే, అందరం దొరకు వెట్టి చేసేవాళ్లమే. దొర ఉండే కోటలాంటి గడికి కట్టెలు మోయడం, దొర బండి ముందు పరుగెత్తడం, ఆయన చుట్టాలొస్తే నీళ్లు తోడడం, వీటికి కూలి ఉండదు. పొలం పనికి మాత్రం గింజలు కొలిచేవాళ్లు. ఎండాకాలం ఆ గింజలు అయిపోతే మళ్లీ గడికే పోయి నాగు తెచ్చుకోవాలి. నాగు అంటే గింజల అప్పు. తెచ్చుకునేటప్పుడు కుంచం చిన్నగా, తీర్చేటప్పుడు పెద్దగా కనిపించే అప్పు.

తల్లిని మావైపు అవ్వ అంటారు, తండ్రిని బాపు అంటారు. మా అవ్వ పొయ్యి పక్కన గోడకు ఒక చిన్న మట్టి గురిగి ఉండేది. మా ఇంట్లోనే కాదు, వాడలో ప్రతి ఇంట్లోనూ ఉండేది. వంటకు గింజలు తీసిన ప్రతిసారీ ముందు ఒక పిడికెడు ఆ గురిగిలో పోయాలి. అది దేవుని పిడికెడు. ఆదివారం నాడు అన్ని గురుగులూ ప్రార్థన గుడిసెకు పోయి, అక్కడున్న పెద్ద కాగులో ఖాళీ అయ్యేవి. పేరుకు పిడికెడు బియ్యమే గానీ మా వాడలో బియ్యం ఎక్కడివి? ఒకరు జొన్నలు పోస్తే ఒకరు సజ్జలు, కూలి కందులైతే కందులు. అన్నీ ఒక్క కాగులోనే. విడివిడిగా పోస్తే ఎవరు ఏం పోశారో, ఎంత పోశారో తెలిసిపోతుందని అలా కలిపేసేవాళ్లు.

ఆ కాగుకు కాపలా బైబిలవ్వ. పిల్లలు లేని ముసలామె. చంకలో లావుపాటి పుస్తకం పెట్టుకుని ఊరూరా తిరిగి ఏసు కథలు చెప్పేది. నశ్యం పీల్చేది. పాదిరి దొర వస్తే నశ్యం బుర్రను ఆ పుస్తకం వెనకే దాచేది. గింజలకు పురుగు పట్టకుండా కాగులో బూడిద, వేపాకు వేసి కలిపేది ఆమే. ఆమె దగ్గరికి పోతే ఎప్పుడూ నశ్యం, వేపాకు కలిసిన వాసన వచ్చేది.

మా ఇంట్లో పిడికెడు పోయడం నా వంతు. మా చిన్నాయన ఇంట్లో ఆయన బిడ్డ వంతు. మేమిద్దరం ఒక ఈడువాళ్లమే అయినా అది నన్ను అక్క అని, నేను దాన్ని చెల్లె అని పిలుచుకునేవాళ్లం. మా చేత పోయించడం భక్తి నేర్పడానికని అనుకునేదాన్ని. అసలు సంగతి వేరు. గింజలకు కటకటగా ఉన్న ఇళ్లలో అందరికంటే చిన్న చెయ్యి ఉన్న పిల్లను పిలిచి పోయించేవాళ్లు. దేవునికి పిడికెడు ముట్టినట్టూ ఉంటుంది, ఇంట్లో నాలుగు గింజలు మిగిలినట్టూ ఉంటుంది. బైబిలవ్వకు ఇది తెలియక కాదు.

"పిడికెడంటే పిడికెడే. ఎవ్వల చెయ్యి ఎంతున్నదని దేవుడు కొలుస్తడా?" అనేది.

చెల్లె, నేను ఒకసారి ఆ గురిగిలోంచే జొన్నలు దొంగిలించి పేలాలు వేయించుకున్నాం. పేలాల వాసన దాగుతుందా? బైబిలవ్వ వచ్చి ఇద్దరి చెవులూ పట్టుకుంది.

"దేవుని గింజలు తిన్నరా? మంచిగ తినుండ్రి. కడుపుల మొలుస్తయ్. ముక్కులకెల్లి కంకులొస్తయ్" అంది.

చాలా రోజులు మేమిద్దరం పొద్దున లేవగానే ఒకరి ముక్కులోకి ఒకరం చూసుకున్నాం.

చెల్లె నాకంటే తెలివైంది. పాట ఒకసారి వింటే అప్పజెప్పేది. పాదిరి దొర పెట్టె కెమెరా తెచ్చి, ఈ వాడ నుంచి ఒక పిల్లను పట్నం బోర్డింగు బడికి పంపితే సీమలో ఒక దొరసాని ఖర్చంతా పెట్టుకుంటుందని చెప్పినప్పుడు, అందరూ చెల్లె పేరే చెప్పారు. కానీ ఆ రోజు దానికి కండ్ల కలక. రెప్పలు అతుక్కుపోయి ఒక మూల కూర్చుంది. కండ్లు మంచిగున్న పిల్లను నిలబెట్టండి అన్నాడు పాదిరి దొర. నన్ను నిలబెట్టారు. నా చదువుకు మొదలు ఇంతే. కలక దానికి వచ్చింది, నాకు రాలేదు.

బోర్డింగులో మొదట నాకు నచ్చింది ఎర్ర సబ్బు వాసన. రెండోది అన్నం. రోజూ అన్నమే! మొదటి వారం పళ్లెం నాకితే మేట్రనమ్మ చేతి మీద కొట్టింది. నా మంచం తలాపున దొరసాని ఫొటో అంటించి, పడుకునే ముందు ఆమె కోసం ప్రార్థన చేయించేవాళ్లు. నన్ను సాకుతున్నది ఆమే అని గర్వంగా ఉండేది. మా వాడ పిల్లలెవరికీ సీమలో మనుషులు లేరు మరి.

కొంతకాలానికి రజాకార్ల గడబిడ మొదలైంది. ఊళ్లు తగలబెడుతున్నారని, మనుషుల్ని ఎత్తుకుపోతున్నారని పెద్ద పిల్లలు గుసగుసలాడేవాళ్లు. ఆ గొడవల్లో సీమ నుంచి రావాల్సిన సాయం ఆగిపోయిందని, ఎవరి పిల్లకు వాళ్లే గింజలు తెచ్చుకోవాలని, లేకపోతే తీసుకుపోవాలని మేట్రనమ్మ మా బాపుకు చెప్పింది. ఇది నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా బాపు గింజల మూట నెత్తిన పెట్టుకుని, ఇబ్రహీంపట్నం నుంచి నడిచి రావడం మొదలుపెట్టాడని.

మొదటి మూట విప్పగానే పిల్లలందరూ చుట్టూ చేరారు. జొన్నలు, సజ్జలు, కందులు, మధ్యమధ్యలో వేపాకులు, అంతా బూడిద.

"జోలె గింజలే ఇవి! మీ నాయిన అడుక్కొచ్చిండా?" అంది ఒక పెద్ద పిల్ల.

బాపును అడిగితే, కాళ్ల పగుళ్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీసుకుంటూ అన్నాడు:

"గట్లెందుకైతది బిడ్డా? మీ దొరసాని పంపిన పైసలతోనే కొనుక్కొస్తున్న. నువ్వు ఫికర్ జెయ్యకు."

నేను పోయి అందరికీ ఆ మాటే చెప్పాను. వాళ్లు ఇంకా నవ్వారు. "జొన్నలల్ల సజ్జలు గలిపి కొనుమని సీమ నుంచి జెప్పిందా మీ దొరసాని?"

సజ్జలు ఉడికేసరికి కందులు రాళ్లలా ఉంటాయని, అన్నీ వేరు చేసి ఇస్తేనే తీసుకుంటానని మేట్రనమ్మ అంది. మూట వచ్చిన ప్రతిసారీ వసారాలో చేట ముందేసుకుని కూర్చుని గింజలు ఏరేదాన్ని. మిగతా పిల్లలు చెమ్మచెక్క ఆడుకుంటూ నా వైపు చూసేవాళ్లు. నేను తల వంచుకుని, మా బాపును, ఆ గింజల్ని కలిపి అమ్మిన షావుకారిని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. అలాంటి షావుకారు ఎక్కడా లేడని నాకేం తెలుసు!

వానాకాలం మొదట్లో బోర్డింగు మూసేశారు. బాపు వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. వాడలోకి అడుగు పెట్టగానే ఆడవాళ్లు పనులు వదిలి నన్ను చుట్టేశారు. కడుపు నిండా తిని తిని నా బుగ్గలు బూరెల్లా అయ్యాయి. ఒకామె ఒక బుగ్గ పట్టుకుంది.

"గిది నా పిడికెడు" అంది.

"ఎహె జరుగు. గీ బుగ్గ నాది" అని ఇంకొకామె రెండోది పట్టుకుంది.

"మరి నాదేడున్నదే?" అంటూ చెల్లె తల్లి, మా చిన్నవ్వ, నా గదవ పట్టుకుని పైకెత్తింది. అందరూ ఒకటే నవ్వు. ఇల్లిల్లూ తిప్పి, మంచంలో ఉన్న ముసలివాళ్లకు కూడా చూపించారు. మొదట నాకూ సరదాగానే ఉంది. వాళ్లేమంటున్నారో అర్థం కాక నేనూ నవ్వాను. అప్పుడు చెల్లె వచ్చి పక్కన నిలబడింది. మోచేతులు పుల్లల్లా ఉన్నాయి. కండ్లు మొహానికి పెద్దవైపోయాయి. మేమిద్దరం ఒక ఈడువాళ్లమంటే ఎవరూ నమ్మరు. వాడలో పిల్లలందరూ దానిలాగే ఉన్నారు. నేనొక్కదాన్నే నాలా ఉన్నాను.

నేను రాకముందే, ఆ ఎండాకాలంలో సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, ఊళ్లోకి వచ్చి వెట్టి బంద్ చేయించారు. దొర గింజలన్నీ బండ్లకెత్తించుకుని పట్నం పారిపోయాడు. ఊరి పైన ఆయన వాడకుండా వదిలేసిన ఎర్రమట్టి మెట్టనేలను, మేం ఎర్రచెల్క అనేదాన్ని, సంఘపోళ్లు మా వాడకు పంచారు. దున్నుకున్నవాళ్లదే భూమి అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మా వాళ్లలో ఎవరికీ జానెడు నేల లేదు. మా బాపు ఆ చెల్కలో మట్టి తీసి వాసన చూసి, దాన్ని మళ్లీ కింద పోయబుద్ధి కాక కాసేపు చేతిలోనే పట్టుకున్నాడట.

మిరుగు వానలు, అంటే మృగశిర కార్తె వానలు పడ్డాయి. ఎద్దులు దొరికాయి. విత్తనాల కోసం బైబిలవ్వ కాగు దగ్గరికి పోయారు. అక్కడే నేనూ ఉన్నాను. జొన్నలు ఏరి మూట కట్టడానికి ఆడవాళ్లంతా కూర్చున్నారు. బైబిలవ్వ కాగులో చిప్ప పెట్టి తీసింది. కొంచెంసేపటికే చిప్ప అడుగున గీరుకున్న చప్పుడైంది.

"గింతేనా? ఇన్ని దినాలు పోసింది ఏమాయె?" అన్నాడు పక్క వాడ నుంచి ఎద్దులు తోలుకొచ్చిన మనిషి.

ఆడవాళ్లు కాగు వైపు, గుమ్మం వైపు, ఆకాశం వైపు చూశారు. నా వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు. గింజల మధ్య వేపాకులు, బూడిద కనిపించాయి. ఆ గింజల్ని ఏరీ ఏరీ నా వేళ్లకు తెలుసు.

విత్తే గొర్రు చెల్క సగం దాకా పోయి ఆగిపోయింది. ఆ పైన విత్తడానికి గింజ లేదు. అప్పు పుట్టే గడి లేదు. గట్టు మీద కూర్చుని చెల్లెను అడిగాను.

"మీ బాపు మోసుకొచ్చింది మన కాగుల గింజలే అక్కా" అంది అది. "దొరసాని పైసలు బందైనయంట. నిన్ను వాపస్ తీస్కపొమ్మన్నరంట. గప్పుడు అందరు గుడిసెల కూసున్నరు. విత్తనాలకు దాసిపెడుదమని బైబిలవ్వ మొదాల అన్నది. భూమి లేనోళ్లకు విత్తనాలెందుకు, భూమి వచ్చిననాడు జూద్దం, పిల్లయితే ఇప్పుడున్నది గదా అన్నరు అందరు."

"నువ్వు కూడా పోసినవా?"

"మా అవ్వ పొయ్యనియ్యలె. అక్క కోసం గదా, నీ చెయ్యి ఏం సాల్తది, జరుగు అన్నది. తనే పోసింది, గింత పెద్ద పిడికెడు."

దాని గొంతులో కోపం లేదు. వాన పడింది అన్నట్టే చెప్పింది. అది తిట్టినా నాకు బాగుండేది. కొట్టినా బాగుండేది. ఎదురుగా దున్ని, విత్తక వదిలేసిన ఎర్ర నేల. దాని విత్తనాలు నా బుగ్గల్లో ఉన్నాయి.

ఆ పూట నుంచి నేను తినడం మానేశాను. వాడలో నడిచేటప్పుడు బుగ్గలు లోపలికి పీల్చుకుని నడిచేదాన్ని. మా అవ్వ బతిమాలింది, కొట్టింది, ఏడ్చింది. చివరికి చెల్లె వచ్చి గటక గిన్నె నా ముందు పెట్టింది.

"నువ్వు తినకుంటే ఆ గింజలు మల్లొస్తయా? రావు గదా. మరి తినవే, తిక్కదానా!" అని తనే నా నోట్లో ముద్ద పెట్టింది. దాని వేళ్లు అంత సన్నగా ఉన్నాయి, కొరుకుతానేమోనని భయమేసింది.

తర్వాత ఆకాశంలో విమానాలు పోయాయి. పట్నంలో ఇండియా మిలిటరీ దిగిందని, నవాబు సర్కారు పడిపోయిందని, పోలీసు చర్య అంటారని చెప్పుకున్నారు. రజాకార్లు మాయమయ్యారు. దొర మాత్రం మాయం కాలేదు. తెల్ల టోపీ పెట్టుకుని, మిలిటరీ జీపు వెనకాలే ఊళ్లోకి వచ్చాడు.

తిన్నగా ఎర్రచెల్క దగ్గరికి పోయాడు. ఒక సగంలో జొన్న మనిషెత్తు పెరిగి కంకి వేసింది. మా వాడ ఆడవాళ్లంతా పోయి ఆ చేను మధ్యలో నిలబడ్డారు. కంకుల మధ్య వాళ్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. బైబిలవ్వ పొట్టిది. ఆమె తల కూడా కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది.

"పానం పోయినా ఈడికెల్లి కదలం దొరా!"

జీపులో వచ్చిన అధికారి చేనును చూశాడు, ఆడవాళ్లను చూశాడు. పంట ఉన్నంత మేర పంట వేసినవాళ్లనే ఉండనిమ్మన్నాడు. దొర గొడవపడలేదు. చేతికర్రతో రెండో సగం చూపించాడు.

"ఇది బీడు వడ్డది గదా. ఇది నాది" అన్నాడు.

గట్టు మీద నిలబడ్డ నేను కండ్లు మూసుకున్నాను. కాగు అడుగున చిప్ప గీరుకున్న చప్పుడు మళ్లీ వినిపించింది.

బోర్డింగు మళ్లీ తెరిచినప్పుడు నేను పోనని మొండికేశాను. సగం భూమి మింగేశాను, ఇంక చాలు అన్నాను. బైబిలవ్వ నశ్యం ఎగబీల్చి, తుమ్మి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

"మింగినవ్, అవ్. లేదన్ననా? మా గింజలు నీ కడుపుల వడ్డయ్. అవి మొలిసేదాక నువ్వు మా చెల్కవే. మధ్యల బీడు వడ్తనంటే ఎట్ల బిడ్డా?"

ఆ మాటకు నేను పోయాను. సంతోషంగా పోయానని చెప్పను. ఆ తర్వాత బోర్డింగులో ఎవరు ఎన్ని మాటలన్నా చేట ముందు తల వంచలేదు గానీ, ప్రతి ముద్ద దగ్గరా చెల్లె మోచేయి గుర్తుకొచ్చేది.

మిగిలిన సగం చెల్కే మా వాడను నిలబెట్టింది. ఆ ఏటి పంటలో బైబిలవ్వ ముందు కాగు నింపించి, తర్వాతే తిండికి ఇచ్చింది. అప్పటి నుంచి మిరుగు వస్తే ఎవరూ నాగు కోసం గడి మెట్లెక్కలేదు. కాగులోంచి విత్తనాలు తీసుకోవడం, పంట వచ్చాక ఒక పిడికెడు ఎక్కువ వేసి మళ్లీ పోయడం. ఆ గింజల మీదే నా తర్వాత ఇంకో పిల్ల బడికి పోయింది, తర్వాత ఇంకో పిల్లవాడు. సీమ నుంచి మళ్లీ ఏమీ రాలేదు, మావాళ్లు అడగనూ లేదు.

చెల్లె మాత్రం బడికి పోలేదు. తన వంతు వచ్చేసరికి దానికి పెండ్లీడు వచ్చేసింది.

నేను నర్సునయ్యాను. సర్కారు దవాఖానలో మొదటి జీతం అందుకోగానే సన్నబియ్యం బస్తా కొని బస్సు మీద వేసుకుని వాడకు తీసుకుపోయాను. ఇంటింటికీ నా చేత్తో పంచాలని ఎంతో ఊహించుకున్నాను. బైబిలవ్వ అప్పటికి మంచంలో ఉంది. చెల్లెను పిలిచి, బస్తా మూతి విప్పి కాగులో కుమ్మరించమంది. తెల్లటి సన్నబియ్యం జొన్నల్లో, సజ్జల్లో, బూడిదలో కలిసిపోయింది.

"అయ్యో, ఎందుకవ్వా?" అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

"ఏది ఎవ్వలదో తెలిస్తే అది అప్పు దీర్చుడైతది బిడ్డా. నీతోని అప్పు దీర్పించుకుంటమా మేము?" అంది.

నా బాకీ అలాగే మిగిలిపోయింది. నేనెప్పుడు పోయినా చెల్లె నా బుగ్గ గిల్లేది. నడివయసులో గిల్లింది, తల నెరిశాక కూడా గిల్లింది. నా పళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయాక ఒకసారి ఎంత వెతికినా గిల్లడానికి ఏమీ దొరకలేదు.

"మా అవ్వ పిడికెడు ఏడవోయిందే అక్కా? ఏడ వారేసుకున్నవ్?" అని పడీపడీ నవ్వింది.

నేనూ నవ్వాలని చూశాను, కానీ నవ్వు రాలేదు.

రెండేండ్ల కింద అది పోయిందని ఫోన్ వచ్చింది. కొంగరకలాన్ మీదుగా పోతుంటే కొత్త ఆఫీసుల బిల్డింగు, ఫ్యాక్టరీ, రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల రాళ్లు. ఎర్రచెల్కలో దొర తీసుకున్న సగం కూడా ఇప్పుడు ప్లాట్లే. మా సగంలో ఒక మూల వాడవాళ్ల సమాధులున్నాయి. చెల్లెను అక్కడే దించారు.

పాస్టరు ప్రార్థన అయ్యాక అందరూ వరుసగా పోయి పిడికెడు మన్ను వేస్తున్నారు. నన్ను పట్టుకుని గుంత దగ్గరికి తీసుకుపోయారు. వంగి ఎర్రమట్టి తీసుకున్నాను. వేళ్లు వంకర్లు పోయి, అరచెయ్యి ముడుచుకుపోయి, ఎంత చాపినా చెయ్యి చాలలేదు. చిన్నప్పుడు దేవుని గురిగిలో పోసినంతే వచ్చింది. ఇంకొంచెం తీసుకుందామని మళ్లీ వంగబోతే వెనక నుంచి ఎవరో ఆపారు.

"సాలు నానమ్మా, పిడికెడంటే పిడికెడే. ఎనకాల మంది ఉన్నరు."

వేశాను. అంతమంది వేసిన మట్టిలో అది కలిసిపోయింది. ఎంత చూసినా ఏది నాదో తెలియలేదు.